పచ్చికలో మొద్దు

మా బావమరిది ఓ క్లబ్బులో తోటమాలి. దాని ముందున్న పచ్చికను కన్నకూతురిలా చూసుకుంటాడు. ఎవరైనా బూట్లతో తొక్కితే తన కడుపు మీద తొక్కినట్టు ముఖం పెడతాడు. ఇంకా టెంపరరీ ఉద్యోగమే. చలి పోయాక పచ్చిక ఎలా లేస్తుందో చూసి పర్మనెంటు చేస్తానని సెక్రటరీ అమ్మగారు మాటిచ్చారు.

అలాంటివాణ్ని ఆటపట్టించకపోతే నేను బావనెందుకయ్యాను?

పైపులు బాగుచేయడం నా పని. చలి ముంగిట క్లబ్బులో ఓ కుళాయి కారుతోందని పిలిచారు. వాడు అన్నానికి వెళ్లగానే షెడ్డులోంచి యూరియా తెచ్చి, పచ్చిక నడిమధ్య మంచమంత అక్షరాలతో 'మొద్దు' అని చల్లి, నీళ్లు పట్టేశాను. మా ఆవిడ చిన్నప్పటినుంచీ తమ్ముణ్ని పిలిచే పేరు అది.

కొద్దిరోజులకే మొద్దు ముదురాకుపచ్చగా లేచింది. మేడ మీదినుంచి మెంబర్లంతా చదువుకున్నారు.

వాడు తిన్నగా మా ఇంటికొచ్చాడు.

"బావా, ఆ వంకర రాత నీదే."

"చదవగలిగావంటే మొద్దువి కాదన్నమాట. అంత సిగ్గయితే మిగతాదానికీ నాలుగు గుప్పిళ్లు చల్లు, రంగు కలిసిపోతుంది."

"కలిసే చస్తుంది. ఇది ఎండలకు పెరిగే గడ్డి. చలికి పడుకునే ముందు వేళ్లలో, కాడల్లో తిండి దాచుకుంటుంది. ఇప్పుడు యూరియా పెడితే ఆ దాచిందంతా తీసి ఆకులకు ఖర్చుపెట్టేస్తుంది. ఇక చలికి ఏం తింటుంది?"

"మీ బావ జీతం రోజు సోకులాగా," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

వాడు ఆ తిట్టును అలాగే మోశాడు. వచ్చేపోయేవాళ్లు "ఏం మొద్దూ" అంటుంటే గడ్డి మిషను తోసుకుంటూ పోయాడే గానీ, గుప్పెడు కూడా చల్లలేదు. చలికి పచ్చికంతా గోధుమరంగుకు తిరిగి అక్షరాలు మాయమయ్యాయి. నాకు కాస్త దిగులేసింది కూడా.

ఎండలు వచ్చాయి. పచ్చికంతా లేచింది, మొద్దు ఒక్కటే లేవలేదు. లాగి చూస్తే విగ్గులా చేతిలోకి ఊడొచ్చింది. పచ్చని గడ్డిలో ఎండు అక్షరాలు ఇదివరకటికంటే దిట్టంగా కనబడుతున్నాయి. మర్నాడే అమ్మగారు చూడటానికి వస్తున్నారు.

వాడు తిట్టలేదు. మెట్ల మీద కూలబడ్డాడు. తిట్టుంటే బాగుండేది.

"కాస్త యూరియా..." అన్నాను.

"చచ్చినదానికి అన్నం పెడితే లేస్తుందా బావా?"

క్లబ్బు వెనక నీళ్లట్యాంకు పక్కన అదే గడ్డి ఉంది. పార తీసుకుని మట్టితో సహా పెళ్లలు పెళ్లలుగా కోసి నేను మోస్తుంటే, వాడు పరిచాడు. నా నడుము విరిగింది. అతుకులు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి.

అమ్మగారు వచ్చి సరిగ్గా అక్కడే ఆగారు.

"ఇదేంటి, మాసికలు వేశావు?"

"ఇక్కడ చచ్చిపోయిందండీ. చలి ముందు ఎరువు పడింది. వెనకనుంచి తెచ్చి పరిచాం."

వాడు నా వంక చూడలేదు. నేను నేల వంక చూశాను.

"ఏం పడిందో నేనూ మేడెక్కి చదివాన్లే," అన్నారావిడ. "పరువు కోసం మిగతాదానికీ చల్లేస్తావని భయపడ్డాను. చల్లలేదు. రేపొచ్చి పర్మనెంటు కాగితం తీసుకో. ఇంతకీ రాసిందెవరు?"

"మా బావండీ. ఈ పెళ్లలు వేరూనేదాకా రోజూ పొద్దున్నే వచ్చి నీళ్లు పడతానన్నాడు."

నేనలా అనలేదు. అనలేదని చెప్పేలోపే ఆవిడ "మంచిది" అని వెళ్లిపోయారు. వాడు పైపు నా చేతిలో పెట్టాడు.

"మెల్లగా బావా, మట్టి కొట్టుకుపోతుంది."