బాత్రూము నుంచి వంటింటికి పద్నాలుగు అడుగులు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయమేందో ముందే చెప్పేస్తాను. మా అత్త చేతుల్లో నుంచి నా బిడ్డ జారి కింద పడతాదని.

బిడ్డకు ఏడో నెల. మా అత్త తిరుమలమ్మే రోజూ నీళ్ళు పోస్తాది. బాత్రూములో పీటమీద కూర్చొని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళమీద బోర్లా పండుకోబెట్టి, నూనె రుద్ది, సున్నిపిండి పెట్టి, చెంబుతో వేడినీళ్ళు పోస్తాది. అంతవరకు నాకు నిమ్మళమే. ఆ తర్వాతే ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని నిలబడతాను. బాత్రూము ఇంటికి ఆనుకొని లేదు, పెరట్లో ఉండాది. ఆడి నుంచి వంటింటి తలుపుకు పద్నాలుగు అడుగులు. నీళ్ళతొట్టి పొంగి పొంగి ఆ ఎర్రమట్టి ఎప్పుడూ నానే ఉంటాది. అత్తకు ఎడమ కంట్లో పొర. తడి కాళ్ళు, తడి మట్టి, చేతుల్లో నూనె పూసిన బిడ్డ.

చెంబు చప్పుడు ఆగుతాది. ఆగినాక కూడా అత్త వెంటనే బయటికి రాదు. లోపల ఏం చేస్తాదో నాకు తెలీదు. నేను ఉల్లిగడ్డ కోస్తావుంటే కత్తి పక్కన పెట్టేసి, చెవులు రిక్కించి అడుగులు లెక్కబెడతాను. పద్నాలుగు అయినాకే మళ్ళా కత్తి పట్టుకొనేది.

ఒకసారి "నేను పోస్తాలే అత్తా" అన్నాను.

"నీ మొగుణ్ణి ఈ కాళ్ళమీదనే సాకినా. వాడేమన్నా సొట్టపోయి ఉండాడా?" అనింది. ఆ పొద్దు ఆమె మజ్జిగ కూడా తాగలే. ఇంక నేనెట్లా చెప్పేది?

పోయిన నెల వానలో అత్త కాలు జానెడు జారింది. గోడ పట్టుకొని నిలదొక్కుకునింది. బిడ్డ ఆటనుకొని కిలకిలా నవ్వింది. ఆ నవ్వు నా చెవుల్లో నుంచి పోలే.

మా ఆయన మునిచంద్ర తిరపతి కొండమీద హోటల్లో పని చేస్తాడు, పదిహేను దినాలకొకసారి ఇంటికి వస్తాడు. ఫోన్లో చెప్తే "మేస్త్రీని పిలిపించు" అన్నాడు. మేస్త్రీ గంగాధరం "ఇంత పనికి యాడ వచ్చేదమ్మా, మిద్దె కట్టేటప్పుడు చెప్పు" అన్నాడు. సరే, నేనే సిమెంటు బాట పోసుకుంటానని అనుకొన్నాను. బాత్రూము కట్టినప్పుడు మిగిలిన ఇసుక, కంకర పెరట్లోనే ఉండాయి. సిమెంటు రెండు మూటలు తెప్పించినాను. తొమ్మిదో తరగతితో బడి మానేసిందాన్నే గానీ, ఫోన్లో వీడియో చూసేదానికి చదువెందుకు? అందులో మనిషి మాట్లాడే భాష తెలీకపోయినా చేతులు చూస్తే అర్థమయింది. ఇంకా రెండు నిమిషాలు ఉండగా బిడ్డ లేచి ఏడ్చింది. నున్నగా రుద్దేశాడు, అయిపోయింది కదా అని ఆపేసినాను.

"ఎందుకే బాట?" అనడిగింది అత్త.

"బక్కెట్లు మోసేటప్పుడు కాలికి మట్టి అంటతా ఉండాది."

అత్త నన్ను ఒక చూపు చూసి, బిడ్డనెత్తుకొని ముందరి అరుగుమీదికి పోయింది.

మట్టి బెత్తెడు లోతు తీసి, రెండు పక్కలా పాతమంచం పలకలు నిలబెట్టి, మేకులు కొట్టినాను. నీళ్ళు నిలవకుండా బొప్పాయి చెట్టు పక్కకు కొంచెం వాటం ఇచ్చినాను. చేతులకు కవర్లు కట్టుకొని కలపడం మొదలుపెట్టినాను. మొదటిసారి నీళ్ళు ఎక్కువై దోసెపిండి మాదిరి అయిపోయింది.

"ఏమ్మే, పార సప్పుడు సూస్తే పలచనయినట్టుండాది!" అరుగుమీద నుంచి అత్త అరిచింది. "సంగటి మాదిరి ఉండల్ల!"

ఇంకొంచెం సిమెంటు, ఇసుక, కంకర వేసి గట్టి చేసినాను. చప్పుడు విని ఆమెకెట్లా తెలిసిందో ఆ పనిలో ఆలోచించలే. వంటింటి తలుపు దగ్గర మొదలుపెట్టి బాత్రూము దాకా పోసినాను. నీళ్ళు పైకి తేలి ఇంకినాక ఒట్టి సిమెంటు చల్లి తాపీతో రుద్దినాను. మా అమ్మావాళ్ళింట్లో నేల అట్లే ఉంటాది, మొగం కనపడేట్టు. రుద్దేకొద్దీ మెరస్తా ఉంటే నాకు చెయ్యి ఆపబుద్ధి కాలే.

మధ్యాహ్నం అత్తను పిలిచినాను. ఆమె బిడ్డను సంకనేసుకొని వచ్చి నిలబడింది.

"శానా బాగుండాది మే. అద్దం మాదిరి" అనింది. నేను నడుంనొప్పి కూడా మరిచిపోయినాను. అప్పుడు మెల్లగా అనింది: "దీనిమీద నీళ్ళు పడితే బక్కెట్టును మోసే పని కూడా లేదు. నూకితే అదే పోతాది."

మట్టిలో జారేది జానెడు. దీనిమీద జారితే పట్టుకొనేదానికి టైము కూడా ఉండదు. పొద్దున్నుంచి నేను చేసింది ఇదన్నమాట. అట్లే కూలబడి ఏడ్చినాను.

"ఏడవద్దు, ఆ నీళ్ళు కూడా దానిమీదనే పడతాయి" అనింది అత్త. "నిజం చెప్పు. ఇది బక్కెట్లకా, నాకా?"

ఇంక దాచేదానికి చాతకాలే. "నీకే అత్తా. బిడ్డ జారిపోతాదేమోనని రోజూ నీ అడుగులు లెక్కబెడతాను. పద్నాలుగు."

కోప్పడతాదనుకొన్నాను. అత్త బిడ్డ తల నిమురుతా నిలబడింది.

"పదహారు" అనింది. "లోపల రెండు నీకు ఇనపడవు."

నేను తలెత్తి చూసినాను.

"నీళ్ళు పోసినాక గోనెపట్టమీద కాళ్ళు తుడుసుకుంటా. మళ్ళా తుడుసుకుంటా. గంగమ్మకు మొక్కుకుంటా. అప్పుడు కాలు బయట పెడతా. నాకూ బయమే మే."

"మరి చెప్పలేదే?"

"చెప్తే నువ్వు బిడ్డనియ్యవు" అనింది. ఆ మాట అనేటప్పుడు ఆమె నా పక్క చూడలే.

అత్త బిడ్డను నా చేతికిచ్చి, వంగి బొటనవేలితో సిమెంటును నొక్కింది. వేలు కొంచెం దిగింది.

"ఇంకా టైముండాది. కొబ్బరిపుల్లల పరక ఎత్తకరా. తిరపతిలో సత్రం కట్టేటప్పుడు నాలుగేండ్లు తట్టలు మోసినా. మెట్లమీద మేమిట్లనే గీసేవాళ్ళం."

"ఆ సంగతి పొద్దున్నే చెప్పుంటే?"

"నువ్వు అడిగితివా? ఫోన్ని అడిగితివి."

పరక తడిపి ఇచ్చినాను. నేను బిడ్డతో నిలబడితే అత్త బాత్రూము పక్క నుంచి అడ్డంగా గీసుకుంటా వచ్చింది. గర్ గర్ మని, పొలంలో సాళ్ళ మాదిరి గీతలు పడినాయి. నా అద్దం పోయింది. వంటింటి పక్క మొదట పోసిన రెండడుగులు అప్పటికే గట్టిపడినాయి, పరక దిగలే. ఆడ ఇద్దరం మార్చి మార్చి మేకుతో గీకినాము. ఆ చోటు ఇప్పటికీ కోళ్ళు కెలికినట్టే ఉండాది.

వారం దినాలు గోనెపట్టలు కప్పి నీళ్ళు చల్లినాము. అన్నాళ్ళూ బిడ్డకు స్నానం వంటింటి మూలనే.

ఎనిమిదో నాడు చెంబు చప్పుడు ఆగింది. నేను కత్తి పక్కన పెట్టినాను. అత్త వెంటనే బయటికి వచ్చింది. గరుకు సిమెంటుమీద ఆమె కాళ్ళు సరసరమంటా ఉండాయి. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దగ్గర పాలు పొంగినాయి. నేను పొయ్యి పక్కకు పరుగెత్తినాను. తిరిగి చూస్తే అత్త వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉండాది, బిడ్డ ఆమె చెవి కమ్మ పట్టుకొని లాగతా ఉండాది.

"ఎన్ని?" అనింది అత్త.

"లెక్క తప్పినా."

"నేనూ లెక్కబెట్టలే" అని బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

ఇది చదివేవాళ్ళకు నాదొక మనవి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో బిడ్డలకు నీళ్ళు పోసే పెద్దామె ఉంటే, ఈ పొద్దే ఒకసారి పోయి చూడండి. చెంబు చప్పుడు ఆగినాక ఆమె బయటికి వచ్చేదానికి ఎంతసేపు పడతాదో నిలబడి వినండి. భయంగా ఉండాదా అని మీరే అడగండి. ఆమె అంతట ఆమె చెప్పదు.