డెబ్బై రెండో కుర్చీ

తడిగుడ్డతో డెబ్బై ఒకటో బల్ల తుడిచి, సీతారాములు నడుం పట్టుకుని నిలబడ్డాడు. ఇంకొక్కటే మిగిలింది. అది ఆయనదే. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో వెనక సందులో, మూడో అంతస్తులో ఉన్న ఆ స్టడీ హాల్లో డెబ్బై రెండో సీటు మీద ఏసీ నీళ్లు కారుతుంటాయి. ఎవరూ తీసుకోరు కాబట్టి ఓనరు శ్రీకర్ దాన్ని ఆయనకు వదిలేశాడు. కుర్చీని జానెడు పక్కకు జరుపుకుంటే భుజం తడవదని సీతారాములు కనిపెట్టి ఆరేళ్లయింది.

పొద్దున ఎల్బీ నగర్‌లో మొదటి రైలెక్కి వచ్చి, హాలు తెరిచి, ఊడ్చి, నీళ్ల క్యాను ఎత్తిపెట్టి, రాత్రి ఎనిమిదింటికి తాళం వేయడం ఆయన పని. బి.ఏ. చదివాడు. భార్య సుమలత పోయాక ఎవరితోనూ పెద్దగా మాట్లాడే అవసరం రాలేదు. ఆ హాల్లో మాట్లాడకూడదు కూడా. అక్కడ అందరూ ఒప్పుకున్న చట్టం ఇంకొకటి ఉంది. కుర్చీ మీద పుస్తకం ఉంటే అందులో మనిషి ఉన్నట్టే. టీకి పోయినా, ఊరికి పోయినా దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఆయన కుర్చీ మీది పుస్తకం పదకొండు వందల పేజీల ఇంగ్లీషు నవల. అట్ట మీద నల్లటి డ్రాగన్. దాని తోక వెనక అట్ట దాకా చుట్టుకుని ఉంటుంది. పుస్తకం అమలది. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి రెండేళ్లుగా ఉద్యోగ పరీక్షలు రాస్తున్న పిల్ల. రెండు మార్కుల్లో ఉద్యోగం తప్పిపోయిన రోజు దాన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“నా తాన ఉంటే గిదే సదువుకుంట కూసుంట కాకా. నువ్వు సదువు. రోజు ఛాయ్ తాగేటప్పుడు జరంత చెప్పు, సాలు.”

అప్పటి నుంచి రోజూ నాలుగింటికి మెట్ల మీద కథ. విషం కలిపే మంత్రులు, అన్నను ఖైదు చేయించిన రాణి, సింహాసనం కింద సొరంగం. అమలకు వాళ్లెవరూ పట్టలేదు. డ్రాగన్ల కొట్టం ఊడ్చే ముసలాయనే నచ్చాడు. “మా బాపు లెక్కనే దగ్గుతడు గదా,” అని నవ్వేది.

నాలుగు వందల పన్నెండో పేజీలో ఆ ముసలాయన చచ్చిపోయాడు. మంటలంటుకున్న కొట్టంలో గొలుసులు విప్పుతూ, ఒక్క వాక్యంలో. అదే వారం అమల తండ్రి పోయాడు. పదో రోజు అయ్యాక తిరిగొచ్చి, మెట్ల మీద కూర్చుని, ఛాయ్ ముట్టకుండా అడిగింది.

“ముసలాయన ఎట్లున్నడు కాకా?”

“మంచిగున్నడు బిడ్డా,” అన్నాడు సీతారాములు.

ఆ తరువాతి ఆరు వందల పేజీలూ ముసలాయన్ని బతికించుకుంటూ వచ్చాడు. యుద్ధంలో దీపం పట్టించాడు. రాణికి కషాయం కాయించాడు. కుంటి డ్రాగన్ పిల్లకు కట్టు కట్టించాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివే మనిషి, పుస్తకంలో లేనివి మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు.

ఈ శుక్రవారం కూడా అమల రాగానే అదే అడిగింది.

“ఇయ్యాల ఏం జేసిండు మా ముసలాయన?”

“రాణిని తిట్టిండు.”

“రాణినా! తల తీపియ్యలే?”

“తీపిస్తే కొట్టమెవరు ఊడుస్తరు? ఊకున్నది.”

అమలకు నవ్వుతో ఛాయ్ పొలమారింది. సర్దుకుని, “ఎల్లుండితోని పరీక్ష అయిపోతది. సోమవారం బుక్కియ్యి కాకా. ఇగ నేనే సదువుకుంట,” అంది.

సీతారాములు గ్లాసులోకి చూశాడు. “ఇస్త గని, ముందుగాల నీకొక మాట చెప్పేదుంది. అది ఇని తీస్కో.”

“గిప్పుడే చెప్పరాదు?”

“పరీక్ష రాసి రా.”

ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తేల్చుకోలేకుండానే ఎనిమిదయింది. పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి బరువుగా ఉంది. రోజూ సంచిలో వేసుకుపోయే పుస్తకాన్ని ఎత్తబోయి, ఎత్తలేక, కుర్చీ మీదే వదిలి తాళం వేశాడు. రైల్లో ఎవరో అడగకుండానే లేచి చోటిచ్చారు. మూడు స్టేషన్ల దూరానికి ఆయన రెండుసార్లు థాంక్స్ చెప్పాడు.

శనివారం ఏడయినా హాలు తెరుచుకోలేదు. శ్రీకర్ ఇంకో తాళంచెవితో వచ్చి, మెట్ల మీద నిలబడ్డవాళ్లకు చెప్పాడు. నిద్రలోనే పోయాడట.

ఆదివారం అమల పరీక్ష రాసింది. సోమవారం హాలుకు వచ్చింది. బల్లల మీద సన్నటి దుమ్ము. డెబ్బై రెండో కుర్చీ జానెడు పక్కకు జరిగే ఉంది, దాని మీద పుస్తకం ఉంది. నిలబడే పేజీలు తిప్పింది, ముసలాయన కోసమే. నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగి, ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. తరువాతి పేజీల మీద వేలు జరుపుతూ చివరిదాకా వెతికింది. దీపం లేదు. కషాయం లేదు. కుంటి పిల్ల లేదు. ఛాయ్ ముట్టకుండా తాను ఆ ప్రశ్న అడిగిన సాయంత్రం గుర్తొచ్చి, బల్ల అంచు పట్టుకుంది.

కాసేపటికి పుస్తకం మూసి ఉన్నచోటే పెట్టింది. తడిగుడ్డ తెచ్చి బల్ల తుడిచింది.

కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె సంచితో వచ్చి గుసగుసగా అడిగింది. “అక్కా, గీ సీట్ల ఎవరన్న ఉన్నరా?”

“ఉన్నరు,” అంది అమల.

ఏసీ నుంచి జారిన చుక్క, నల్ల డ్రాగన్ పుస్తకానికి జానెడు దూరంలో, నేల మీద పడింది.