ఏడో నంబరు అంగీ

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో సాయంత్రం నాలుగున్నరకు సైరన్ కూత వేసేది. నూనె చేతులు గుడ్డపీలికలతో తుడుచుకుంటూ బాస్కెట్‌బాల్ జట్టువాళ్ళు వెనక గ్రౌండుకు నడిచేవాళ్ళు. కెప్టెన్ జీవరాజుకు నలభై రెండేళ్ళు, మోకాలికి పట్టీ. మిగతా ముగ్గురూ అతనికంటే రెండు మూడేళ్ళు చిన్న, పొట్టలు మాత్రం పెద్దవి. అయిదో ఆటగాడు నోవహు అంగీ.

రజాకార్ల గడబిడ రోజుల్లో, పోలీసు చర్యకు నెల ముందు, నోవహు డ్యూటీ మీద కాజీపేట బండిలో వెళ్ళాడు. తర్వాత సైన్యం వచ్చింది, నిజాం జెండా దిగింది, ఏడాది గడిచింది. అతను రాలేదు. అంగీ మాత్రం రోజూ వచ్చేది. తల్లి రోసమ్మ దాన్ని చంకలో పెట్టుకుని తెచ్చి కంచె మీద వేసేది. కూత ఆగగానే ఏడో నంబరు ఛాతీ దగ్గర ఉబ్బి, లేచి, ఆటలోకి దిగేది. పైన తల లేదు, కింద కాళ్ళు లేవు, దుమ్ములో అడుగులు మాత్రం పడేవి. మ్యాచ్‌లప్పుడు రెఫరీ అందరి గోళ్ళూ చూసి, ఏడో నంబరు దగ్గర కాస్త ఆగి, సరేనని ముందుకు పోయేవాడు. నోవహులాగే ఎడంచేతి వైపు నుంచి బంతి వేస్తే బుట్టలో పడాల్సిందే. అయినా జట్టు ఆ ఏడాది ఎనిమిది మ్యాచ్‌లు ఓడింది. మిగతా నలుగురూ పరిగెత్తలేకపోతే అంగీ ఒక్కటీ ఏం చేస్తుంది?

"క్రిస్మస్ కప్పు రాకుంటే గ్రౌండు పోయినట్టే అన్నా. పాత రైలు డబ్బాలు తెచ్చి నిలవెడ్తరంట," అన్నాడు టైం ఆఫీసు గుమాస్తా మధుసూదన్. జట్టుకు సెక్రెటరీ అతనే. "ఉన్నోళ్ళతోనే కొట్లాడుదం. అంగీ ఉన్నది గద."

"అంగీ ఎన్నేండ్లు ఆడ్తది?" అన్నాడు జీవరాజు. "భుజాల కాడ చినుగుతున్నది. ముగ్గురు పోరగాండ్లు ఏడాది సంది బెంచీ మీదనే ఉన్నరు. వాండ్లను దించుదం. ఈ యేడు ఓడితే ఓడుదం, రెండేండ్లల్ల జట్టయితది."

"రెండేండ్లకు గ్రౌండేడుంటది?"

జీవరాజు బెంచీ వైపు చూశాడు. ఆ ముగ్గురిలో మొదటివాడు అతని కొడుకు లూకా. పంతొమ్మిదేళ్ళు, మంచి చెయ్యి, తండ్రి మాట దాటడు. వాడు మ్యాచ్‌లో దిగితే చూడాలని జీవరాజుకు ప్రాణం కొట్టుకునేది. దానికి జట్టు భవిష్యత్తు అని పేరు పెట్టుకున్నాడంతే.

చివరికి ఎలాగో క్రిస్మస్ కప్పు ఫైనల్ దాకా వచ్చారు. ఆ రోజు కుర్రాళ్ళను దించాల్సిందేనని జీవరాజు మొండికేశాడు. బట్ట రేషన్ మీద వచ్చే రోజులు, జట్టుకు ఉన్నవే అయిదు అంగీలు. పొట్టలవాళ్ళు ఇద్దరు తమవి విప్పి ఇద్దరు కుర్రాళ్ళకిచ్చారు. పొట్టలవాళ్ళలో మూడోవాడు యేసురాజు పొడగరి, అతను ఆటలో ఉండాలి. లూకాకు మిగిలింది ఏడో నంబరు. తన అంగీ విప్పి కొడుక్కివ్వచ్చు కదా అని జీవరాజును ఎవరూ అడగలేదు. అతనూ తనను తాను అడగలేదు. కప్పు పట్టుకుని ఫోటో దిగాలని అతనికీ ఉంది మరి.

రోసమ్మ అంగీని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది.

"నీ కొడుకు వేసుకుంటడా?"

"అవునక్కా."

"ఏడాది సంది వీడు రోజుకింత తేలికయితున్నడు. ఒళ్ళు కావాలె వీనికి. తీస్కపో."

జట్టు బట్టలుతికే బుచ్చమ్మ అడ్డొచ్చింది. "ఇంతకాలం నన్ను ముట్టనియ్యలే గా అంగీని. పోయినోని బట్ట ఉతకకుండ ఇంకొకలకు తొడుగుతరా? జెర ఆగుండ్రి, పిండి ఆరేస్త."

"టైమేడిది? అర్ధగంటల ఆట షురూ," అన్నాడు జీవరాజు.

లూకా ఉతకని అంగీ తొడుక్కున్నాడు. మొదట వదులుగా వేలాడింది. బొలారం ఫౌజీ జట్టుతో ఆట మొదలైన పావుగంటకు ఒంటికి అతుక్కుపోయింది. కుడిచేతివాటం లూకా ఎడంచేత్తో బంతి వేశాడు, పడింది. మళ్ళీ వేశాడు, పడింది. "అన్నా, ఇటు!" అని అరిచాడు. ఆట వేడిలో అందరూ అందరినీ అన్నా అనే అంటారు, జీవరాజు బంతి అందించాడు.

నాలుగు పాయింట్లతో గెలిచారు. మధుసూదన్ చొక్కా విప్పి గిరగిరా తిప్పాడు. కప్పుతో ఫోటో దిగారు. గ్రౌండు మిగిలింది, కొత్త జట్టూ తయారైంది, కావాల్సిన రెండూ ఒక్క సాయంత్రమే దొరికాయి. ఇంట్లో జీవరాజు భార్య మేబెల్ కొడుక్కోసం కేకు ముక్క దాచి ఉంచింది.

గేటు దగ్గర లూకా రోసమ్మ చేతిసంచీ అందుకున్నాడు.

"రేపొస్త అన్నా," అన్నాడు జీవరాజుతో, మామూలుగా.

ఇద్దరూ రోసమ్మ ఇంటివైపు నడిచారు. ఆమె ఏదో చెబుతోంది, అతను తల ఊపుతున్నాడు.

"లూకా!" జీవరాజు పిలిచాడు. లూకా వెనక్కి చూడలేదు. "లూకా, బేటా!" గొంతు చిట్లేలా పిలిచాడు. గేటు దగ్గరి వాళ్ళంతా తిరిగారు, అతను తప్ప.

జీవరాజు గేటు దాటి వాళ్ళ వెనకే నడిచాడు. వాళ్ళు మలుపు తిరగబోతుండగా, ఎలాగైనా ఒక్కసారి ఆ ముఖం చూడాలని, మెల్లగా పిలిచాడు.

"నోవహూ."

అతను వెంటనే తిరిగాడు. కొడుకు ముఖమే, నవ్వు వేరు.

"ఏందన్నా?"

"ఏం లే," అన్నాడు జీవరాజు. "అమ్మను జెర పదిలంగ తీస్కపో."