బావ ఊపిరి

దిండుతో అయితే చప్పుడుండదు, కానీ ఏ దిండు, మంచం పక్కన బల్ల మీద ఈ హోటలు వాళ్ళు ఒక అట్ట పెట్టారు, దిండ్లలో ఏడు రకాలున్నాయి, నచ్చింది చెప్పండి, క్షణాల్లో పంపుతాం అని, బాతు ఈకలది, పట్టుది, నురుగుది, మెడ నొప్పి ఉన్నవాళ్ళకి వేరే, గురక పెట్టేవాళ్ళకి వేరే, బావ మొహం మీద పెట్టి మోకాలితో అదిమి పట్టడానికి ఏది బాగుంటుందో మాత్రం రాయలేదు, ఫోను చేసి అడిగితే కింద కౌంటర్లో పిల్ల అంతే తియ్యగా తప్పకుండా సార్ అంటుందేమో, నవ్వొచ్చింది, ఎదురుగా అద్దంలో చూసుకుంటే అది నవ్వు కాదు, దవడలు నొప్పి పుట్టేలా పళ్ళు బిగించి ఉన్నాయి, పక్కగదిలో బావ స్నానం చేస్తూ పాట పాడుతున్నాడు, రెండు గదుల మధ్య తలుపు బార్లా తెరిచే ఉంది, మనకీ మనకీ తలుపులేంట్రా బావమరిదీ అని నిన్న రాగానే తనే తెరిచాడు, అయిదడుగులు వేస్తే షవరు అద్దం, ఆ అద్దంతో సహా తల గోడకి కొడితే పాట ఏ చరణంలో ఆగుతుంది, పళ్ళబుట్టలో చిన్న కత్తి కూడా ఉంది, పిడి దంతంలా తెల్లగా ఉంది, దానితో కుదరదు, అది ఆపిలుకే అంతంతమాత్రం.

కిటికీలోంచి తోసేయడం ఇంకా సులువు, పందొమ్మిదో అంతస్తు, కానీ ఈ ఊళ్ళో కిటికీలు తెరుచుకోవు, బయట పట్టపగలు పన్నెండు గంటలకి వీధిదీపాలు వెలుగుతున్నాయి, ఆకాశం లేదు, ఎదుటి మేడ లేదు, ఎవరో ఊరంతటినీ మురికి గుడ్డలో మూట కట్టినట్టుంది, అద్దం చుట్టూ నల్లటి రబ్బరు పట్టీ, అలవాటు కొద్దీ బొటనవేలితో నొక్కి చూశాను, మా సరుకు కాదు, మాదానికన్నా మంచిది, మా సరుకు ఇదే, కిటికీలకీ తలుపులకీ గాలి దూరకుండా వేసే పట్టీలు, నేను చేస్తాను, బావ అమ్ముతాడు, మూడింటికి ఇక్కడి కిటికీల కంపెనీ కొనుగోలు మేనేజరమ్మతో మాటలు, ఆ ఆర్డరు పడితే మా చిన్న షెడ్డు నాలుగింతలవుతుంది, ఈ ఊళ్ళో దుమ్ము పెరిగినకొద్దీ మన పొయ్యి వెలుగుతుందిరా అని బావ విమానంలో దారి పొడుగునా నవ్వాడు, నేనూ నవ్వాను, నవ్వానా, నవ్వాను, ఆ పాటికి అక్క పన్ను ఊడి రెండు రోజులు.

లీకు ఎక్కడుందో మిషనుకన్నా నా చెవి ముందు పట్టుకుంటుంది, అదే నా పని, పట్టీని పెట్టెలో బిగించి గాలి కొట్టి చెవి ఆనిస్తాను, వెంట్రుకంత సందు ఉన్నా సన్నగా ఈల వినిపిస్తుంది, పొద్దున చేరామని చెబుదామని అక్కకి ఫోను చేస్తే సరే జాగ్రత్త అంది, ఆ సరే మొదట్లో ఈల, లైను బాగా లేదేమో అనుకున్నాను, బావ సాక్సులు సర్దావా అని అడిగాను, ఊరికే, ఇంకోసారి వినడానికి, సర్దాను రా సూట్‌కేసులో పక్క అరలో అంది, స పలికిన మూడు చోట్లా మూడు ఈలలు, లైను కాదు, పళ్ళ మధ్య సందు, పై వరసలో, ముందు, ఎడమ పక్క, అక్కా నీ పన్నేమైంది అన్నాను, బాత్రూములో జారాను అంది, బాత్రూములో జారితే పన్నొక్కటే ఊడుతుందా అన్నాను, ఫోను పెట్టెయ్ రా ఆయన వింటాడు అంది, ఆయన అక్కడ లేడక్కా, నా దగ్గర, కింద టిఫిను దగ్గర నాలుగో ప్లేటు నింపుకుంటున్నాడు అన్నాను, అప్పుడు ఏడ్చింది, ఏడుపులోంచి కూడా గాలి పోతోంది, ఈ ప్రయాణానికి పెట్టిన నీలం చొక్కా కాలరు దగ్గర ఇస్త్రీ మడత తప్పిందట, చెప్పినందుకు ఎదురు మాట్లాడిందట, అంతేనట, కిందికి వెళ్ళేసరికి బావ కుడిచెయ్యి చూశాను, రెండు వేళ్ళ కణుపులు ఉబ్బి పసుపుపచ్చగా ఉన్నాయి, ఏమైంది బావా, కారు డోరు పడిందిరా, నా మీద జాలిపడ్డవాళ్ళు ఒక్కరైనా లేరు మీ ఇంట్లో, పెళ్ళాం తమ్ముడంటే దేవుడు పంపిన ఆడిటరని మా నాన్న చెప్పలేదు నాకు అని పకపకా నవ్వి ఆ చేత్తోనే నా ప్లేటులో ఒక పండుముక్క పెట్టాడు, తిన్నాను, తినకపోతే అనుమానం వస్తుంది.

తువ్వాలు చుట్టుకుని వచ్చేశాడు, పొట్ట, తడి, సబ్బు వాసన, ఇదేంట్రా ఇంకా తయారవలేదు, ఆ మేనేజరమ్మ ముందు మొహం ఇలా వేలాడేశావంటే ఆర్డరు ఇవ్వదు, చందా ఇస్తుంది అన్నాడు, కోటు నా మంచం మీద పడేసి టై కోసం నా సూట్‌కేసు కెలుకుతున్నాడు, వీపు నా వైపు, వెడల్పాటి వీపు, చేతి దూరంలో రాగి దీపపు స్టాండు, ఎత్తితే బరువుంది, ఎత్తాను, దింపాను, నెత్తురు ఈ తెల్ల తివాచీ మీద కడిగినా పోదు, అప్పుడు కోటు జేబులోంచి నీలం ప్లాస్టిక్ మూతి కనిపించింది, ఇన్‌హేలరు, నా రెండో పెళ్ళాంరా అంటాడు దాన్ని, మొదటిది ఊపిరి తీస్తుంది, ఇది పోస్తుంది అంటాడు, ఉబ్బసం మనిషి, మా ఊళ్ళోనే దుమ్ము గాలికి రెండు పీల్పులు లేనిదే మెట్లెక్కడు, ఈ ఊళ్ళో, ఈ గాలిలో, నా చెయ్యి దానంతట అది వెళ్ళి ఇన్‌హేలరు తీసి నా జేబులో వేసుకుంది, ఇంత తేలికా, దిండు వద్దు కత్తి వద్దు కిటికీ వద్దు, మనిషిని బయటికి నడిపిస్తే చాలు, గాలే చూసుకుంటుంది, గాలికి వేలిముద్రలుండవు, కారుకి చెప్పావా అన్నాడు, ట్రాఫిక్కు బావా, కారులో అయితే గంట, సందుల్లోంచి నడిస్తే పావుగంట, కానీ నువ్వు నడవలేవులే అన్నాను, నాకు తెలుసు ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో, నీకన్నా ముందుంటా చూడు అని వెళ్ళి బట్టలు వేసుకొచ్చి కోటు తొడుక్కున్నాడు, లోపల నీలం చొక్కా, కాలరు దగ్గర మడత సరిగ్గానే ఉంది.

లిఫ్టు తలుపు తెరుచుకుంటే పూల వాసన, గోడ మీద పెద్ద తెర, బయట గాలిలో కాలుష్యం నాలుగు వందల తొంభై, లోపల తొమ్మిది, మనం ఎంత డబ్బు పెట్టామో రా, ఒక్కో ఊపిరీ బిల్లులో వేస్తారు, గట్టిగా పీల్చు అని బావ భుజం మీద చరిచాడు, గుమ్మం దగ్గర తెల్ల చేతితొడుగుల కాపలాదారు మాస్కులున్న పళ్ళెం చాపాడు, అతని తొడుగుల వేళ్ళ చివర్లు అప్పటికే బూడిదరంగు, నడిచేనా సార్, ఈ రోజు నడవకండి సార్ అన్నాడు, పక్కవీధే అన్నాను నేను, నా గొంతు మర్యాదగా ఉంది, హంతకులు ఇలాగే మాట్లాడతారు కాబోలు, రెండో తలుపు తెరుచుకుంది, గాలి మొహం మీద కొట్టింది, గాలి కాదది, కాలిన వైరు, కుళ్ళిన గుడ్డు, నాలుక మీద ఇనుప రుచి, పదడుగుల్లో హోటలు మాయమైంది, హారన్లున్నాయి, బళ్ళు లేవు, బావ మాస్కు గడ్డం కిందికి లాగేశాడు, మాట్లాడకుండా ఉండలేడు, చూశావా మార్కెట్టు, ఈ ఊళ్ళో ఎన్ని కిటికీలుంటాయో ఊహించు, ఒక్కో కిటికీకి నాలుగు మీటర్ల పట్టీ, దగ్గు, నాలుగు మీటర్లు, దగ్గు, నేను అడుగు పెద్దది చేశాను, నెమ్మదిరా, ఏం బావా నాకన్నా ముందుంటానన్నావు, సందులోకి తిప్పాను, రెండు వైపులా మూసిన దుకాణాలు, ఇనుప షట్టర్లు, దూరంగా ఎక్కడో రంపం కోత, బావ ఆగి కోటు జేబు తడుముకున్నాడు, రెండో జేబు, ప్యాంటు జేబులు, మళ్ళీ మొదటిది, ఒరేయ్ నా పంపు గదిలో పెట్టొచ్చానా, వెనక్కి పోదాం పద.

అక్క పన్ను ఎలా ఊడింది బావా అన్నాను, ఎవరి పన్ను, అక్కది, అతను నన్ను చూశాడు, దగ్గాడు, తర్వాత, నేను బతికినన్నాళ్ళూ మర్చిపోలేను, నవ్వాడు, ఓహ్ అదా, నీకప్పుడే ఊదేసిందా, ఒక్కటి తగిలిందిరా, నేనూ అనుకోలేదు అలా ఊడుతుందని, చిన్నప్పుడు మీ ఇంట్లో పాలు తాగించలేదేంట్రా దానికి అన్నాడు, ఆ మాట పూర్తయిందో లేదో తెలీదు, నా పిడికిలి అతని నోటి మీద ఉంది, పళ్ళు చర్మంలో దిగాయి, నా చర్మంలో, షట్టరు మీద పడ్డాడు, ఇనుము ఉరిమినట్టు మోగింది, లేవబోతే కాలరు పట్టుకున్నాను, ఆ కాలరే, రెండు చేతులా పట్టి షట్టరుకేసి కొట్టాను, ఇది సరేకి, ఇది సర్దానుకి, ఇది సూట్‌కేసుకి, అతని మోకాలు నా పొత్తికడుపులో దిగింది, నేల మీద పడ్డాం, గోళ్ళతో నా కన్ను వెతుకుతున్నాడు, నేను బొటనవేలు కొరికాను, మెత్తగా, ఉప్పగా, వాడు కేక వేద్దామని ఊపిరి లాగాడు, లాగితే లోపలికి ఏమీ వెళ్ళలేదు, కేక రాలేదు, ఈల వచ్చింది.

వాడు షట్టరుకి చేరబడి కూర్చున్నాడు, నేను వాడి ముందు గొంతుక్కూర్చున్నాను, చెవి దగ్గర పెట్టి విన్నాను, పెద్ద లీకు, రెండు వైపులా, లోపలికి పోవట్లేదు బయటికి రావట్లేదు, పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నాయి, కళ్ళు బయటికొచ్చాయి, జేబులోంచి ఇన్‌హేలరు తీసి చూపించాను, ఇదేనా నీ రెండో పెళ్ళాం, చెయ్యి చాపాడు, పైకెత్తాను, ఇంకా చాపాడు, ఇంకా ఎత్తాను, మాస్కు వేసుకున్న ఒకావిడ పొగలోంచి వచ్చి, మమ్మల్ని చూసి, తాగుబోతులనుకుని పక్కనుంచి పొగలోకి వెళ్ళిపోయింది, నాకు ఎంత హాయిగా ఉందంటే ఒళ్ళంతా చల్లగా, తేలికగా, ఇంకొక్క నిమిషం, ఈ చప్పుడు ఆగేదాకా వింటే చాలు, వింటున్నాను, ఈల సన్నబడుతోంది, వింటున్నాను, వినలేకపోతున్నాను, జాలి కాదు, ఒట్టు, జాలి అణువంత కూడా లేదు, గాలి ఇలా ఈలలు వేస్తుంటే ఊరికే కూర్చోవడం నా చేతులకి రాదు, పని నేర్చిన వయసు నుంచీ చేతులకి అదొక్కటే తెలుసు, అవే వెళ్ళి ఇన్‌హేలరు వాడి నోట్లో పెట్టి నొక్కాయి, ఒకసారి, ఇంకోసారి, నేను తిట్టుకుంటూనే ఉన్నాను, ఛీ, చేతులు, ఇంకోసారి.

ఊపిరి వచ్చింది, చాలాసేపు పట్టింది, మూర్ఖుడిలా నేను వాడి వీపు నిమురుతున్నాను కూడా, వాడు నల్లగా ఉమ్మాడు, ఎర్రగా ఉమ్మాడు, ఉమ్మిలో ఒక పన్ను, చాలు, సరికి సరి, ఇంక మళ్ళీ జన్మలో చెయ్యెత్తడు అనుకున్నాను, వాడు పన్ను ఏరుకుని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, కోపం లేదు, అరవలేదు, భలే కొడతావురా, నీలో ఇంత సరుకుందనుకోలేదు అన్నాడు, పన్నుని రుమాలులో పెట్టి, రుమాలు నాలుగు మడతలు వేసి, గుండె జేబులో పెట్టుకున్నాడు, దేనికి బావా అన్నాను, నా నోట్లోంచి బావా అనే వచ్చింది, మీ అక్కకి చూపించాలిగా అన్నాడు, లేచి కోటు దులుపుకున్నాడు, పద, మొహాలు కడుక్కుని మేనేజరమ్మ దగ్గరికి పోదాం, ఆర్డరు ఆర్డరే, ఇదంతా ఇంటికెళ్ళాక చూసుకుందాం, అలా చూడకు, నీతో కాదులే, నువ్వు నా ముద్దుల బావమరిదివి, అని నా చేతిలోంచి ఇన్‌హేలరు తీసుకుని, గోడ పట్టుకుని హోటలు వైపు నడిచాడు, పొగలో ముందు కాళ్ళు పోయాయి, తర్వాత వీపు పోయింది, దగ్గు ఒక్కటి కాసేపు మిగిలింది.

నా పిడికిలి నొప్పిగా ఉంది, రెండు కణుపులు ఉబ్బుతున్నాయి, అక్కా అన్నాను ఫోనులో, వెంటనే, కొట్టావా అంది, నేనింకా ఏమీ చెప్పలేదు, ఆయాసం విని పట్టేసింది, కొట్టాను, బాగా కొట్టానక్కా, సంతోషిస్తుందని ఒక్క క్షణం, పిచ్చివాణ్ణి, ఎదురుచూశాను, నెత్తురొచ్చిందా, వచ్చింది, పన్ను ఊడింది, ఏడవలేదు, తిట్టలేదు, మీ విమానం ఎప్పుడు అంది, రేపు పొద్దున, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాం, సరే అయితే రేపు మధ్యాహ్నం దాకా టైముంది అంది, బీరువా తలుపు తీసిన చప్పుడు, మా ఇంటికి వెళ్ళు అక్కా, వద్దు, మొదట అక్కడికే వస్తాడు, మరెక్కడికి, చెప్పను రా, నీ మొహం చూసి కనిపెట్టేస్తాడు, నువ్వు మాత్రం మీటింగుకి వెళ్ళు, నవ్వు, రేపు తప్పకుండా విమానం ఎక్కు, వాడి పక్కనే కూర్చో, గొడవ పడకు, ఇంకొక్క దెబ్బ కూడా వెయ్యకు, అంది, వేస్తే అది ఎవరి ఒంటి మీద తేలుతుందో ఇద్దరికీ తెలుసు, నేను షట్టరుకి ఆనుకుని నిలబడ్డాను, వాడు అప్పుడు కూర్చున్నచోటే, నా పిడికిలి వాడి మొహం దగ్గర ఆగలేదు, అది బయల్దేరింది, వాడి గుండె జేబులో రుమాలు మడతలో భద్రంగా ఉంది, రేపు వాడితో పాటు విమానం ఎక్కుతుంది, కారు ఎక్కుతుంది, వీధి తిరుగుతుంది, తలుపు కొడుతుంది, నేను కొట్టిన దెబ్బ ఇంకా దారిలోనే ఉంది, అది చేరేసరికి ఆ ఇంట్లో అక్క ఉండకూడదు.