నారింజ చెట్టుకి చుట్టిన తీగ

మా బావగారు వడ్రంగి. చెక్కని వేలితో తట్టి లోపల పుచ్చుందో లేదో చెప్పేసేవాడు. ఆ విషయంలో ఆయనకి వంక పెట్టలేం. మిగతా అన్నిటికీ పెట్టొచ్చు.

మా ఆయనా, ఆయనా ఇల్లు పంచుకున్న రోజున పెరట్లో నారింజ చెట్టు సరిగ్గా పంపకాల గీత మీదికొచ్చింది. చెట్టుని ఎలా చీలుస్తారు? బావగారు ఇనప తీగ తెచ్చి, చెట్టు నడుముకి రెండు చుట్లు బిగించి, ఒక కొస వాళ్ళ గోడకీ ఇంకో కొస మా గోడకీ మేకులేసి కట్టాడు.

"ఈ తీగ ఎవరు విప్పితే వాళ్ళు చెట్టు వదులుకున్నట్టే," అన్నాడు.

"సరే అన్నయ్యా," అన్నాడు మా ఆయన. అన్నదమ్ములిద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. నేనూ మా తోడికోడలూ మాత్రం మాటలు మానలేదు. మాటలు మానేస్తే తిట్టుకోవడం ఎలా?

నాకు కావలసింది నిజానికి చెట్టు కాదు, దాని నీడ. మా వాటాకి వచ్చిన గదికి కిటికీ లేదు, మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. నేను బట్టలు కుట్టేదాన్ని. చెట్టు కింద మిషను వేసుకుంటే వెలుతురుకి వెలుతురు, చల్లదనానికి చల్లదనం. మధ్యాహ్నం నీడంతా మావైపే పడేది. ఆ నీడ పోతే నా మిషను మూలపడినట్టే, పిల్లల చదువులూ దాంతోపాటే.

అది మా తోడికోడలికీ తెలుసు. తీగ మీద బట్టలు ఆరేస్తూ మొదలుపెట్టేది.

"ఏమే, నీ మిషను రొదకి చెట్టు పూతంతా రాలిపోతోంది."

"నీ నోటికి రాలని పూత నా మిషనుకి రాలుతుందా అక్కా?"

మావైపు తీగ మీద దుప్పట్లు వేస్తే నేలకి రాసుకునేవి. "చెట్టు పెరుగుతుందిగా, తీగా దాంతో పైకెళ్తుందిలే," అనేవాడు మా ఆయన. చూస్తుండగానే చెట్టు ఇంటికప్పు దాటింది గానీ తీగ మాత్రం ఉన్నచోటే ఉంది. చెట్టు పొడుగెదిగేది కొమ్మల చివర్లలోనట. కింద బోదె సాగదు, లావెక్కుతుంది, అంతే. ఆ లావే కొంప ముంచింది. తీగ బిగుసుకోలేదు, చెట్టే ఉబ్బి తీగలోకి దిగబడింది. తీగ పైన బోదె గుండ్రంగా వాచింది, కింద సన్నగానే ఉండిపోయింది. మేం చూశాం. చూసి ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వేస్తే చెట్టు పోతుందిగా!

ఒక ఏడాది కొమ్మలు వంగిపోయేలా కాసింది. మా తోడికోడలి మిడిసిపాటు చూడాలి.

"చూశావా, మా ఆయన కట్టిన తీగ మహిమ! నీ చేతుల్లో ఉంటే ఒక్క కాయ కాసేదా?"

అప్పుడొచ్చింది మొక్కలు అమ్మే ఆవిడ, చొక్కా చంకలు వదులు చేయించుకోవడానికి. కొలతలు తీసుకుంటుంటే నా వంక చూడదే, చెట్టునే చూస్తోంది.

"ఈ చెట్టు చస్తోంది," అంది.

అవతల్నించి మా తోడికోడలు పకపకా నవ్వింది. "ఇంత కాపు కాస్తుంటే చావడమేంటమ్మా?"

"అందుకే కాస్తోంది. ఆకులు ఎండలో వండిన తిండి బెరడు వెంబడి కిందికి దిగాలి. మీ తీగ దగ్గర దారి మూసుకుపోయింది. పైనే నిలిచిపోయి కాయల్లోకెళ్ళింది. కింద వేళ్ళు పస్తులుంటున్నాయి."

బావగారు చిత్రిక పట్టడం ఆపి బయటికొచ్చాడు. "నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చెక్క కోస్తున్నా. చెట్టు బలమంతా లోపలి చేవలో ఉంటుంది. బెరడు పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు."

"మీరు కోసేది చచ్చిన చెట్టు, బాబూ. నడిమధ్య చేవ ఎప్పుడో చచ్చింది, స్తంభంలా నిలబెడుతుంది, అంతే. దాని చుట్టూ ఉన్న లేత చెక్కలోంచి నీళ్ళు పైకెళ్తున్నాయి కాబట్టి ఆకులింకా పచ్చగా ఉన్నాయి. బెరడు కింద తడితడిగా పల్చటి పొర ఒకటుంటుంది. లోపలికి చెక్క, బయటికి బెరడు పుట్టించేది అదే. వేళ్ళలో దాచుకున్నది అయిపోయిందా, ఆకులూ రాలతాయి."

"తీగ తియ్యనివ్వను," అంది మా తోడికోడలు. "ఇదంతా దీని ఎత్తు. మా చేత విప్పించి చెట్టు కాజెయ్యాలని!"

నాకు ఒళ్ళు మండింది. మా ఆయన ఇంట్లో లేడు, ఉన్నా అడిగేదాన్ని కాదు. పనిముట్ల పెట్టెలోంచి పటకారు తెచ్చి, ఇద్దరి ఎదుటా తీగ కత్తిరించి, బెరడులో ఇరుక్కున్న ముక్క పీకి పారేశాను.

"విప్పినవాళ్ళు వదులుకున్నట్టేగా బావగారూ? చెట్టు మీదే. తీసుకోండి. ఇక బతికించుకోవలసిన ఖర్మా మీదే."

మొక్కలావిడ ఆ చెట్టువే పెన్సిలంత లావు రెమ్మలు కోసి, రెండు కొసలూ కలం పాళీలా చెక్కమంది. గాయం కింద ఒక కొస, పైన ఒక కొస బెరడు కిందికి దూర్చాలట, తిండి దిగడానికి వంతెనలా. బావగారు గొణుక్కుంటూనే ఉలి పట్టాడు. ఆ అతుకులు, ఏ మాటకామాట, కిటికీ చట్రానికి కూడా అంత పొందిగ్గా వెయ్యలేదు.

"అది తలకిందులు! మొదలు కిందికి ఉండాలి," అని కసిరింది మొక్కలావిడ. మా బావగారిని కసిరినవాళ్ళని నేను చూడటం అదే మొదలు. చిన్న మేకులతో బిగించి, మైనం పూసి వెళ్ళింది. వెళ్తూ, "ఒక్క కొమ్మ కూడా నరక్కండి. ఎన్ని ఆకులుంటే అంత తిండి," అంది.

నా వైపు కొమ్మలు నరకాలని చేతులు దురద పెట్టిన మా తోడికోడలికి ఆ మాట గొంతులో ముల్లైంది.

కొన్ని రెమ్మలు ఎండిపోయాయి, కొన్ని అతుక్కున్నాయి. అతుక్కున్నవి ఏటికేడు బొటనవేలంత, తర్వాత మణికట్టంత లావయ్యాయి. నీళ్ళు మోసింది మా తోడికోడలే. నీడ మాత్రం ఎప్పట్లా మావైపే పడింది. అది చూసి ఆవిడకి నిద్ర పట్టలేదేమో, ఓ మధ్యాహ్నం పీట పట్టుకుని గీత దాటి వచ్చేసింది.

"నా చెట్టు నీడ. నేను కూర్చుంటా. ఎవరనేది?"

"కూర్చో. నీ వీపు చూడటం నాకూ సుఖమే."

నిజంగానే నాకు వీపు పెట్టి కూర్చుంది. ఆ రోజే కాదు, మర్నాడూ, ఆ తర్వాతా. పండు రాలితే నా కంటే ముందు లేచి తీసుకునేది.

ఏళ్ళు గడిచాక ఓసారి గుండీలు కుడుతుంటే దారం తెగింది. ఎంతకీ సూదిలోకి ఎక్కదు. విసుక్కుంటుంటే, ఆవిడ వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపింది.

"ఇలా తగలెయ్యి."

ఎక్కించి వెనక్కిచ్చింది.

"కళ్ళు కూడా నా నీడలోనే పోగొట్టుకున్నావు. సిగ్గులేనిదానా."