కళ్లు తెరిచినవాళ్లు చెయ్యెత్తండి

చర్చి సంఘపెద్దగారు జుట్టుకు రంగు వేయించుకుంటారన్న గుట్టు బయటపడింది. పిల్లలు ఆయనకు 'ఇంకుబుడ్డి' అని పేరు కూడా పెట్టేశారు. చెప్పిందెవరు? ఇంకెవరు, ఆ రంగు వేసే సెలూనాయనే అని పెద్దగారు అందరి ముందూ తేల్చేశారు! సాక్షి లేడు, విచారణ లేదు. పెద్దవాడి పరువు పోతే చిన్నవాడి మెడ దొరుకుతుంది, ఎక్కడైనా ఇంతే.

సెలూనాయన పదిహేనేళ్లుగా కత్తెర ఆడించాడు గాని నాలుక ఆడించలేదు. కుర్చీలో కూర్చున్నవాళ్లు ఇంటి గుట్లన్నీ కక్కేసేవారు. రాలిన జుట్టుతో పాటు వాటినీ ఊడ్చి పారేసేవాడు. ఆ నమ్మకమే ఆయన కూడు. ఇప్పుడు వారం నుంచి కుర్చీ ఖాళీ. కడిగిన దువ్వెనలే మళ్లీ కడుగుతున్నాడు.

శనివారం పాస్టరుగారు వచ్చి, అద్దంలో మీసం సర్దుకుంటూ, "రేపు ఆరాధనలో లేచి తప్పయిందని ఒక్క మాట అనేయి నాయనా, గొడవ వదిలిపోతుంది" అన్నారు.

"చెయ్యని తప్పుకా అయ్యగారూ?"

"క్రైస్తవుడికి వినయం, తగ్గింపు ఉండాలి కదా!"

ఈ తగ్గింపు ఎప్పుడూ వెనకబెంచీవాడి వంతుకే ఎందుకొస్తుందో ఎవడూ చెప్పడు.

ఇంటికెళ్తే భార్య ఇంకో దారి చూపింది. "ఆయన గుట్లు నీ దగ్గర బోలెడుంటాయిగా, ఇంకోటి విప్పు! నాకైతే ఒక్కటీ చెప్పి చావవు."

"విప్పితే నింద నిజమైపోతుందే."

"అయితే క్షమాపణ అడుగుతావా?"

"అడిగితే అది అబద్ధం. ప్రభువు చెంపదెబ్బ తిని తిరిగి కొట్టలేదు. అలాగని తప్పు ఒప్పుకోనూలేదు, నేనేం తప్పన్నానో చెప్పు అన్నాడు. నేనూ అదే అడుగుతా."

ఆదివారం లేచాడు. "ఈ సంగతి నా నోట విన్నవాళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు.

"మరి గాలి చెప్పిందా?" అని ఉరిమారు సంఘపెద్దగారు.

అందరూ తల వంచి కాళ్లకేసి చూసుకున్నారు. ఆ మధ్య బయట ఎండలో పెద్దగారు అరగంట ప్రార్థన చేశారు. రంగు చెమటతో కలిసి చెవి వెనకనుంచి కాలరులోకి కారింది. అందరూ చూశారు. కానీ చూశామంటే ప్రార్థనలో కళ్లు తెరిచినట్టే! అమాయకుడు మునిగినా ఫరవాలేదు, తమ భక్తి తేలాలి.

ముందు వరసలోంచి పెద్దగారి భార్య లేచింది. "నేను చూశానండీ. ఆ కాలరు మూడుసార్లు ఉతికాను, మరక వదిలితేనా!"

"నా ప్రార్థనలో కళ్లు తెరిచావా!"

"అయిపోవచ్చిందేమోనని చూశానండీ."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. 'నేనూ చూశా'నంటూ ఒక చెయ్యి లేచింది. తర్వాత బెంచీలకు బెంచీలే లేచాయి. ఆఖరికి పాస్టరుగారి చెయ్యి కూడా భుజం దాకా లేచి ఆగింది.

పెద్దగారు సెలూనాయన వైపు తిరిగారు. "నువ్వు కూడానా?"

"మొదటి మాటకే తెరిచానండీ. రంగు వేసిన చెయ్యి కదా, ఎండకి నిలుస్తుందా లేదా అని భయం. పది నిమిషాల ప్రార్థనకైతే నిలిచేదే."

పెద్దగారు గొంతు సవరించుకుని, "ఊరికే నింద వేశాను, తప్పయింది" అని గొణిగారు.

"గట్టిగా చెప్పండి" అంది భార్య. "నింద గట్టిగానే వేశారుగా!"

చెప్పారు. వీధి చివరిదాకా వినబడింది.