కోడలి పల్చటి బూట్లు

కోడలి ఎడమ పాదం వాచిందని ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. పది రోజులుగా ఆ సంగతి గొంతులో వెలక్కాయలా అడ్డం పడి ఉంది.

తను ఆసుపత్రి ల్యాబులో రోజంతా నిలబడి పనిచేస్తుంది. తెల్లవారగానే ఊరి చివర కొండదారిలో పరుగు తీస్తుంది. ఈమధ్య మెత్తటి బూట్లు ఎవరికో ఇచ్చేసి, అట్టముక్కంత పల్చటి అడుగున్నవి కొంది. వేసుకున్నా వట్టికాళ్లతో పరిగెత్తినట్టే ఉంటుందట. పెట్టెలోని కాగితం నేను కూడబలుక్కుని చదివాను: మొదటి వారాల్లో రోజుకు పది నిమిషాలే. కోడలు మొదటి రోజే గంటసేపు పరిగెత్తింది.

"మీ అబ్బాయికి చెప్పకండి అత్తయ్యా," అంది, పాదం చన్నీళ్ల బకెట్టులో పెట్టుకుని. "తెలిస్తే పరుగే మాన్పిస్తారు. రోజు మొత్తంలో ఆ గంట ఒక్కటే నాది."

"ఎముక విరిగితే?"

"విరిగాక చెబుదురుగానిలెండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే కోడలు దూరమవుతుంది, చెప్పకపోతే కాలు పోతుంది. మా ఆయన 'ఇప్పుడే వస్తా' అని గుమ్మం దాటి మరి రాలేదు. మా తమ్ముడూ అంతే. అందుకే తలుపు చప్పుడైంది మొదలు కోడలు తిరిగి వచ్చేదాకా వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడతాను.

ఆదివారం ఇరవై కిలోమీటర్ల కొండపరుగు పందెం ఉంది, కోడలు పేరిచ్చింది. అది కూడా మా వాడికి తెలియదు. శనివారం కోడలు పనికి వెళ్లగానే ఆ బూట్లు సంచిలో వేసుకుని చెప్పులు కుట్టే అతని దగ్గరికి వెళ్లాను.

"అడుగు అరిగిపోయింది బాబూ, మందంగా వెయ్యి."

అతను వంచి చూశాడు. "అరగలేదమ్మా, వీటి పుట్టుకే ఇంత."

"నీకెందుకయ్యా, వెయ్యి!"

వేలెడు మందం రబ్బరు అంటించి చుట్టూ కుట్టాడు.

సాయంత్రం కోడలు కుర్చీలో కూర్చుని వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవి బూట్లా, రోకళ్లా అత్తయ్యా?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అంతలో మా వాడు వచ్చాడు.

"ఎవరివోయ్ ఇవి?"

కోడలు ఎడమ పాదాన్ని కుర్చీ కిందికి లాక్కుంది.

"నావేరా," అన్నాను. "నడుద్దామని."

"ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందా నీకు! డాక్టరు ఎప్పటినుంచి మొత్తుకుంటున్నాడు! ఏమోయ్, రేపటినుంచి పొద్దున్నే అమ్మను పార్కులో నడిపించు. ఒంటరిగా వదలకు."

"రేపా..." అంది కోడలు. పందెం పేరెత్తితే ఏ బూట్లతో అని అడుగుతాడు, పాదం సంగతి బయటపడుతుంది.

పొద్దున్న పార్కులో మూడు చుట్లు నడిచాం. వదులుగా ఉన్న బూట్లలో నా పాదాలు ఆడుతున్నాయి. పక్కన కోడలు డ్యూటీ చెప్పులతో కొంచెం కుంటుతోంది. గేటు దగ్గరికి వచ్చినప్పుడల్లా కొండవైపు చూస్తోంది.

"ఎన్నాళ్లు నడవాలి ఇలా?"

"వాపు తగ్గేదాకా."

"తగ్గాక?"

నేను తన మోచెయ్యి పట్టుకున్నాను. తను మోచెయ్యి విడిపించుకోబోయింది. నేను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.